రొయ్యల గుంట బురద నుంచి పీహెచ్‌డీ దాకా: తొలి ప్రాణుల చదువులోకి ఎలా వెళ్లాలి

మా నాన్నకు నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర రెండెకరాల రొయ్యల గుంట ఉండేది. పట్టుబడి అయిపోయి నీళ్లు వదిలేశాక అడుగున నల్లటి బురద బయటపడేది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. "గ్యాస్ పట్టిందిరా, బాగా ఎండాలి" అంటూ నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టేవాడు. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌దని, దాన్ని వదిలేవి ఆక్సిజన్ అక్కర్లేని బాక్టీరియా అని, గాలిలో ఆక్సిజన్ చేరకముందు భూమ్మీద నడిచింది అలాంటి బతుకేనని పీజీకి వెళ్లేదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ మధ్య కావలిలో డిగ్రీ చదివే అమ్మాయి ఫోన్ చేసి, "అన్నా, మొట్టమొదటి ప్రాణుల గురించి చదివే ఉద్యోగం నిజంగా ఉంటుందా? ఉంటే ఏ గ్రూపు తీసుకోవాలి?" అని అడిగింది. ఉంటుంది. దాన్ని జియోబయాలజీ అంటారు, కొందరు జియోమైక్రోబయాలజీ అంటారు. కాకపోతే ఆ పేరుతో మన డిగ్రీ కాలేజీల్లో గ్రూపు దొరకదు. రాళ్లు ఒక డిపార్ట్‌మెంట్‌లో, సూక్ష్మజీవులు ఇంకో డిపార్ట్‌మెంట్‌లో ఉంటాయి. ఆ రెంటి మధ్య దారి మనమే వేసుకోవాలి. ఆ రోజు గంటన్నర ఫోన్లో చెప్పింది, చెప్పడం మర్చిపోయింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు సీసా పెట్టండి

ఎంట్రన్సుల సంగతి తర్వాత. ఈ పని మీకు నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి వంద రూపాయలు కూడా ఖర్చు కాని మార్గం ఒకటుంది. రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1880లలో మొదలుపెట్టిన పద్ధతి. ఆయన పేరుతోనే దాన్ని వినోగ్రాడ్‌స్కీ కాలమ్ అంటారు.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు మూడు తీసుకుని మెడ దగ్గర కోసేయండి. రొయ్యల గుంటో, ఉప్పుటేరో, ఊరి చెరువు అంచో, ఎక్కడైనా సరే, నీళ్ల కింద నల్లగా ఉన్న బురద ఒక బకెట్టు, అక్కడి నీళ్లే ఇంకో బకెట్టు తెచ్చుకోండి. గుంట అయితే రైతును అడిగి తీసుకోండి. బ్లీచింగ్ చల్లి ఎన్నాళ్లయిందో కూడా అడగండి, కొత్తగా చల్లినది పనికిరాదు. రాళ్లు, పుల్లలు ఏరేసి బురదను దోసెల పిండి జారుగా కలపండి. అందులో కొంత పక్కకు తీసి, గుప్పెడు చించిన న్యూస్‌పేపర్ ముక్కలు, మెత్తగా నూరిన రెండు కోడిగుడ్ల పెంకులు, ఉడికించిన పచ్చసొన ఒకటి కలపండి. పేపర్లో కార్బన్ ఉంటుంది, పెంకులో కాల్షియం కార్బొనేట్, సొనలో గంధకం. సీసాలో మూడో వంతు ఈ కలిపిన బురద, దాని మీద ముప్పాతిక దాకా మామూలు బురద, పైన నాలుగు వేళ్ల నీళ్లు పోసి, కొంచెం ఖాళీ వదలండి. మూతి మీద ప్లాస్టిక్ కవరు వేసి రబ్బరు బ్యాండు చుట్టండి. బిరడా బిగించకండి, లోపల గ్యాస్ పుడుతుంది. నా మొదటి సీసా మా అమ్మ వంటింట్లో టప్పున పేలింది, ఆ తర్వాత నా ప్రయోగాలన్నీ పశువుల కొట్టంలోనే.

మూడు సీసాలు ఎందుకంటే, ఒకదానిలో అన్నీ ఉంటాయి. రెండోదానిలో పేపరు, గుడ్డు ఉండవు. మూడోదానిలో అన్నీ ఉంటాయి గానీ చుట్టూ నల్లగుడ్డ కప్పాలి, వెలుతురు పోకూడదు. మూడింటినీ వెలుగు వచ్చే కిటికీ పక్కన పెట్టండి, కానీ నేరుగా ఎండ తగలకూడదు. మన మే నెల ఎండలో పెడితే బురద ఉడికిపోతుంది. వారానికోసారి ఒకే చోటు నుంచి, ఒకే టైముకి ఫోటో తీసి, నోటుబుక్కులో రంగు, వాసన, బుడగలు రాసుకోండి.

రెండు మూడు వారాల్లో పైన ఆకుపచ్చ వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు, అదృష్టం ఉంటే, మధ్యలో ఊదా, వంగపండు రంగు మచ్చలు, అడుగున నలుపు. పైన ఆకుపచ్చగా ఉన్నవాటిలో సయనోబాక్టీరియా ఉంటాయి, అవి నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదులుతాయి. మన వరి మడిలో నీళ్ల మీద తేలే నీలి ఆకుపచ్చ నాచు వాటి జాతే. ఊదా మచ్చలు కూడా వెలుతురు తిని బతికేవే గానీ నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వాడుకుంటాయి, ఆక్సిజన్ వదలవు. అడుగు నలుపు ఐరన్ సల్ఫైడ్. నల్లగుడ్డ కప్పిన సీసాలో ఏ రంగు రాలేదో చూస్తే వెలుతురు ఎవరికి కావాలో మీకే అర్థమవుతుంది.

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. అడుగున ఉన్నవి పాతకాలపు ప్రాణులు, పైన ఉన్నవి కొత్తవి అనుకుంటారు. అన్నీ ఈనాటివే, మనతో సమానంగా మారుతూ వచ్చినవే. పాతది వాటి బతుకు తీరు. దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలైంది. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. అంటే భూమి చరిత్రలో దగ్గర దగ్గర సగం కాలం గాలిలో ఆక్సిజన్ లేదనే చెప్పాలి.

మూడు నెలలు ఆ సీసాల ముందు విసుగు లేకుండా కూర్చోగలిగితే మీరు ఈ చదువుకు పనికొస్తారు. రెండో వారానికే బోర్ కొడితే అదీ తెలిసిపోయినట్టే, నష్టమేం లేదు.

తర్వాత రాళ్ల దగ్గరికి వెళ్లండి

మన పెద్దవాళ్లు అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక వంద కోట్ల ఏళ్లు దాటిన సముద్రపు బురద. ఒత్తిడికి, వేడికి గట్టిపడి పొరలు పొరలుగా విడిపోయే రాయి అయింది. అది పేరుకునే రోజుల్లో భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు. ఉన్నదంతా సూక్ష్మజీవులే అన్నా పెద్ద తప్పు కాదు.

ఒంగోలు పక్కన కొణిజేడు, మర్లపాడు కొండల్లో ఇనుపరాయి ఉంది. ఒక అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి, రాయికి అంటుకుంటుంది. ఇనుము, క్వార్ట్జ్ కలిసి చారలు చారలుగా కనిపిస్తాయి. ప్రపంచంలోని ఇలాంటి చారల ఇనుపరాయి చాలావరకు పాత సముద్రాల్లో కరిగి ఉన్న ఇనుము అడుగుకు దిగి పేరుకున్నదే. ఆ ఇనుము దిగడంలో సూక్ష్మజీవుల చెయ్యి ఎంత అన్నది ఇప్పటికీ వాదన నడుస్తున్న ప్రశ్న. అయితే కొణిజేడు రాయి భూగర్భంలో బాగా ఉడికింది. అందులో ప్రాణి ఆనవాలు వెతకడం వృథా. ఏ రాయిలో వెతకకూడదో తెలియడం కూడా చదువే.

ఆనవాళ్లు కళ్లారా చూడాలంటే కడప జిల్లా వేంపల్లె వైపు పోవాలి. అక్కడ సున్నపురాయి లాంటి డోలమైట్ రాయిలో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. క్యాబేజీని అడ్డంగా కోసినట్టు పొర మీద పొర గుండ్రంగా కనిపిస్తుంది. సూక్ష్మజీవుల జిగురు తెర మీద మట్టి, సున్నం పడి, మళ్లీ తెర పెరిగి, అలా కట్టుకుంటూ పోయిన దిబ్బలు. వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. సుత్తి తీసుకెళ్లకండి. పక్కన పెన్నో రూపాయి బిళ్లో పెట్టి ఫోటో తీయండి, లేకపోతే ఆ గుండ్రం అరచేతి అంతుందో ఎద్దుల బండి అంతుందో ఇంటికొచ్చాక మీకే గుర్తుండదు. చోటు ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. పొరలు ఎటువైపు ఉబ్బి ఉన్నాయో రాసుకోండి, సాధారణంగా అదే ఆ రోజుల్లో పైవైపు.

నా మొదటి పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో స్ట్రొమటోలైట్ అంటే ఏమిటని అడిగారు. గైడులో ఉన్నది గడగడా చెప్పేశాను. "సరే, ఒక రాయిలో పొరలు కనపడ్డాయి. అది ప్రాణి కట్టిందేనని ఎలా చెప్తావు?" అన్నారు. నోరు పెగల్లేదు. సీటు పోయింది. ఈ రంగంలో మీరు ఎక్కడికి వెళ్లినా ఆ ప్రశ్న వెంట వస్తుంది కాబట్టి ఇప్పుడే పరిచయం చేస్తున్నాను. 2016లో గ్రీన్‌లాండ్‌లో 370 కోట్ల ఏళ్ల స్ట్రొమటోలైట్లు దొరికాయని నేచర్ పత్రికలో వచ్చింది. 2018లో ఇంకో బృందం అదే రాయిని మూడు వైపుల నుంచీ చూసి, అవి గోపురాలు కావు, రాయి నలిగినప్పుడు ఏర్పడ్డ పొడుగాటి గట్లు అంది. ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో 348 కోట్ల ఏళ్ల నాటివాటికి సాక్ష్యం అంతకన్నా గట్టిగా ఉంది. ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టి, ఒకటి ఎందుకు నిలబడింది, రెండోదాని మీద అనుమానం ఎందుకొచ్చిందో మీ మాటల్లో ఒక పేజీ రాయండి. నాకు ఎవరైనా ఈ ఒక్క పని చెప్పి ఉంటే రెండేళ్లు కలిసొచ్చేవి.

ఒక కాలు గట్టిగా, రెండోది అప్పుగా

గ్రూపు విషయం. బయాలజీ, జియాలజీ, కెమిస్ట్రీ, కంప్యూటర్, అన్నీ సగం సగం నేర్చుకుంటే ఎవరికీ పనికిరారు. ఒకదానిలో గట్టిగా నిలబడి మిగతావి అప్పు తెచ్చుకోవాలి.

ఇంటర్లో ఉన్నవాళ్లకు నేను ముందు చెప్పేది ఐసర్, సైన్స్ చదువు కోసం కేంద్రం పెట్టిన సంస్థ. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. ఐసర్ తిరుపతి ఏర్పేడు దగ్గర ఉంది, నెల్లూరు నుంచి గూడూరు, శ్రీకాళహస్తి మీదుగా రైల్లో పోవచ్చు. దాని ఎంట్రన్సులో బయాలజీ, కెమిస్ట్రీ, లెక్కలు, ఫిజిక్స్ నుంచి తలా 15 ప్రశ్నలుంటాయి. బైపీసీ వాళ్లు లెక్కలు చూసి టెన్షన్ పడతారు, ఎంపీసీ వాళ్లు బయాలజీ చూసి. ఇద్దరి కష్టం ఒకటే గనక ఎవరూ వెనక్కి తగ్గక్కర్లేదు.

డిగ్రీలో ఉన్నవాళ్లు మైక్రోబయాలజీ అయినా, కెమిస్ట్రీ అయినా, బోటనీ అయినా ఫర్వాలేదు. నన్నడిగితే కెమిస్ట్రీని మనవాళ్లు తక్కువగా చూస్తున్నారు. పాత రాయిలో ప్రాణి ఉందా లేదా అని తేల్చేది చాలాసార్లు కార్బన్, గంధకం ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) లెక్కే. జియాలజీ అన్ని కాలేజీల్లో ఉండదు, దొరికితే వదలకండి. పీజీకి తిరుపతి శ్రీ వేంకటేశ్వర, కడప యోగి వేమన, విశాఖ ఆంధ్ర యూనివర్సిటీల్లో జియాలజీ ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ఎంట్రన్సు రాయాలి. అందులో జియాలజీ పేపరూ ఉంది, బయోటెక్నాలజీ పేపరూ ఉంది.

అప్పు తెచ్చుకోవడం అంటే ఎలాగో ఒక ఉదాహరణ. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోమ్‌లోని (కణంలో ప్రొటీన్లు తయారయ్యే చోటు) ఒక ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసి, అప్పటిదాకా బాక్టీరియా అనుకున్నవాటిలో కొన్ని పూర్తిగా వేరే కొమ్మ అని చెప్పారు. వాటినే ఆర్కియా అంటున్నాం. ఈ పోలిక మీరు ఇంట్లో కూర్చుని చేయొచ్చు. ఎన్‌సీబీఐ అనే జన్యు సమాచార సైటులో ఈ-కోలై (పేగుల్లో ఉండే బాక్టీరియా), ఒక సయనోబాక్టీరియా, ఉప్పులో బతికే హాలోబాక్టీరియం, ఈ మూడింటిలో ఆ ఆర్‌ఎన్‌ఏకు సంబంధించిన 16ఎస్ జన్యువుల వరసలు, వాటికి సాటివచ్చే ఈస్ట్ 18ఎస్ వరస ఉచితంగా తీసుకోండి. మెగా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చుట్టరికాల చెట్టు గీయించండి. పేరులో బాక్టీరియం ఉన్నా హాలోబాక్టీరియం ఎవరి పక్కన కూర్చుందో, ఎవరికి దూరంగా జరిగిందో చూడండి. ఒక ఆదివారం పని. జియాలజీ చదివే పిల్లలు ఇది చేసి చూపిస్తే బయాలజీ ప్రొఫెసర్లు కుర్చీ వేస్తారు. అలాగే మైక్రోబయాలజీ పిల్లలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో ఖనిజాల మీద, అవక్షేప శిలల మీద ఒక కోర్సు పూర్తి చేయాలి.

సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ అని ఒకటుంది. వేసవిలో రెండు నెలలు ఏదైనా పెద్ద ల్యాబులో పని. నోటిఫికేషన్ చలికాలం మొదట్లోనే వచ్చి పోతుంది. మన పిల్లలు మార్చిలో అడుగుతారు, అప్పటికి తలుపు మూసేసి ఉంటుంది.

ప్రొఫెసర్‌కి ఉత్తరం

"రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని మొదలయ్యే మెయిల్స్ రోజుకు ఎన్ని వస్తాయో, ల్యాబులో ఉన్న మాకు తెలుసు. చదవరు. నాలుగు చిన్న పేరాలు చాలు. మొదటిదానిలో మీరెవరు, ఏం చదువుతున్నారు. రెండోదానిలో ఆయన పేపర్ ఒకటి చదివి మీకొచ్చిన ఒక ప్రశ్న, పొగడ్త వద్దు. మూడోదానిలో మీరు చేతులతో చేసిన పని: "మా ఊరి గుంట బురదతో మూడు సీసాలు పెట్టాను, రెండోదానిలో ఊదా రంగు ఎందుకు రాలేదో ఇలా అనుకుంటున్నాను" అని, ఒక్క ఫోటోతో. నాలుగోదానిలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా రాగలరు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి. నేను 31 రాస్తే జవాబులు వచ్చింది నాలుగు.

ఎవరికి రాయాలి? ఐసోటోపులు, రాళ్ల కెమిస్ట్రీ అంటే హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ. పాత శిలాజాలంటే లక్నో బీర్బల్ సాహ్ని ఇన్‌స్టిట్యూట్. సముద్రపు అడుగు సూక్ష్మజీవులంటే గోవా ఎన్‌ఐవో, దాని శాఖ విశాఖలోనూ ఉంది. జన్యువుల వైపు హైదరాబాద్‌లోనే ఉన్న సీసీఎంబీ. ఇంట్లోవాళ్లకు చెప్పడానికి పనికొచ్చే ముచ్చట ఒకటి: హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ పై గాలిలో పట్టిన బాక్టీరియాలో మూడు కొత్త జాతులున్నాయని 2009లో ఇస్రో ప్రకటించింది. సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్ ల్యాబులు పరీక్షించాయి. ఒకదానికి ఇస్రో పేరే పెట్టారు, ఇస్రోనెన్సిస్ అని. శ్రీహరికోట పక్కన పుట్టినవాళ్లకు ఈ మాట పనిచేస్తుంది. మా పెదనాన్న దగ్గర పనిచేసింది.

డబ్బు, ఏళ్లు, ఓపిక

పరిశోధనకు అర్హత పరీక్ష అయిన సీఎస్‌ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ పేపరుంది, ఎర్త్ సైన్సెస్ పేపరుంది. జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె అదనం. గేట్ అయితే జియాలజీ, లైఫ్ సైన్సెస్, ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్లు చూడండి. వచ్చే డబ్బు నెలనెలా వస్తుందని మాత్రం లెక్కేసుకోకండి. నాకు ఒకసారి ఏడు నెలలు రాలేదు, అన్నీ ఒకేసారి పడ్డాయి. మూడు నెలల మెస్ ఖర్చు పక్కన పెట్టుకోండి.

విదేశాలకు వెళ్లాలనుకుంటే అప్పు చేసి ఎంఎస్‌కి వెళ్లొద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. అమెరికాలో ఈ రంగం పీహెచ్‌డీలకు సాధారణంగా ఫీజు వాళ్లే కట్టి నెలకు భత్యం ఇస్తారు. జర్మనీ బ్రెమెన్‌లో మాక్స్ ప్లాంక్ వాళ్లకు సముద్ర సూక్ష్మజీవుల మీద మార్‌మిక్ అనే ప్రోగ్రాం ఉంది. టోక్యోలో ఎల్సీ అనే సంస్థ భూమి, ప్రాణం పుట్టుకల మీదే పెట్టినది.

పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఆ తర్వాత పోస్ట్‌డాక్, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, రెండు మూడు చోట్ల. శాశ్వత ఉద్యోగం వచ్చేసరికి ముప్పై అయిదు దాటొచ్చు, రాకపోవచ్చు కూడా. జియాలజీ వాళ్లకు యూపీఎస్‌సీ జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంది. మైక్రోబయాలజీ వాళ్లకు మన జిల్లాల్లోనే రొయ్యల హేచరీలు, వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు కోసం పీసీఆర్ (డీఎన్‌ఏ పరీక్ష) చేసే ల్యాబులు ఉన్నాయి. పీసీఆర్ చేయడం వచ్చిన చెయ్యి ఆకలితో ఉండదు. సిగ్గుపడాల్సిన పనేం కాదది. నా తోటివాళ్లలో నాకన్నా బాగా సంపాదిస్తున్నది వాళ్లే.

ఇక ఓపిక. జపాన్‌లో హిరోయుకి ఇమాచి బృందం 2006లో రెండున్నర కిలోమీటర్ల లోతు సముద్రం అడుగు నుంచి బురద తెచ్చింది. అందులోంచి ఒక ఆర్కియాను ల్యాబులో పెంచడానికి పన్నెండేళ్లు పట్టింది, పేపర్ 2020లో వచ్చింది. ఆ జీవి రెట్టింపు కావడానికి 14 నుంచి 25 రోజులు తీసుకుంటుంది. మనం మజ్జిగ తోడేస్తే రాత్రికి రాత్రి పెరుగయ్యే బాక్టీరియాకు అలవాటుపడ్డవాళ్లం. కేంద్రకం ఉన్న కణాలు, అంటే మనలాంటివాటి కణాలు, ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పే దగ్గరి చుట్టాల్లో అదొకటి కాబట్టే అన్నేళ్లు కూర్చున్నారు. మీ గైడ్ కాబోయే వ్యక్తిని ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న మీరూ అడగండి: ప్రయోగం రెండేళ్లు ఫలించకపోతే ఈ ల్యాబులో ఏం చేస్తారు? జవాబు కన్నా మొహం చూడండి. వీలైతే ఆ ల్యాబు వదిలి వెళ్లినవాళ్లతో కూడా మాట్లాడండి. అమ్మాయిలైతే ఫీల్డుకి ఎవరెవరు వెళ్తారు, రాత్రి బస ఎక్కడ అన్నది ముందే అడిగేయండి. మొహమాటం వద్దు.

ఈ వేసవికి ఒక పని

ఏప్రిల్, మే నెలల్లో ఇస్కపల్లి ఉప్పు మడుల వైపు వెళ్లండి. ఒంగోలు వైపు వాళ్లకు చినగంజాం దగ్గర, అది ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. ఉప్పు గడ్డకట్టే మడుల్లో నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఉప్పు కార్మికుడొకాయన నాతో, "నీళ్లు ఎర్రబడితే ఉప్పు దిగుతుందని మాకు గుర్తయ్యా" అన్నాడు. ఆ ఎరుపులో ఎక్కువ భాగం ఇందాక చెట్టులో చూసిన హాలోబాక్టీరియం చుట్టాలది. మడి పట్టినవాళ్లను అడిగి అర లీటరు ఆ నీళ్లు తెచ్చుకోండి. కాలేజీ మైక్రోస్కోపులో పెద్ద లెన్సు కింద ఒక చుక్క చూడండి. తర్వాత ఆ చుక్క పక్కన డిస్టిల్డ్ వాటర్ ఒక బొట్టు వదిలి చూస్తూ ఉండండి. మంచినీళ్లు తగలగానే ఆ కణాలు పగిలిపోతాయి. మైక్రోస్కోపు దొరకనివాళ్లు రెండు గాజు గ్లాసుల్లో పోసి, ఒకదానిలో మంచినీళ్లు కలిపి, రెండోదానిలో అంతే కొలతకు చిక్కటి ఉప్పునీళ్లు కలిపి పక్కపక్కన పెట్టి పోల్చండి.

పొద్దున ఎనిమిది లోపే వెళ్లండి, పదికల్లా గట్టు మీద కాళ్లు కాలుతాయి. అడుగు మందంగా ఉన్న చెప్పులు వేసుకోండి, ఉప్పు గడ్డలు కోస్తాయి. సీసా మీద తేదీ, చోటు పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. కాగితం లేబుల్ అంటించకండి, ఆ నీళ్ల తడికి బస్సు దిగేలోపే ఊడిపోతుంది.